అణిగిపోయిన దూది

హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళు హైదరాబాద్ చూడరు. చార్మినార్ మెట్లు ఒక్కసారైనా ఎక్కని పాతబస్తీ వాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. మేమూ అదే బాపతు. దాని నీడన చాయ్ తాగాం. చాంద్ రాత్ నాడు దాని చుట్టూ గాజులకూ చెప్పులకూ బేరాలాడాం. 1990 డిసెంబర్ కర్ఫ్యూలో, రెండు గంటలు సడలిస్తే పాల కోసం పరిగెత్తిన పిల్లలుగా దాన్ని దూరం నుంచే చూశాం. టికెట్ కొని చూసింది మాత్రం మొన్ననే. అదీ ఊరి నుంచి మనుషులొస్తే.

ఒంగోలు నుంచి ఒక మిత్రుడు వాళ్ళమ్మను తీసుకొని వచ్చాడు. నూర్‌బాషా కుటుంబం. ఊళ్ళో వాళ్ళను దూదేకుల సాయిబులంటారు. తండ్రి తాతలు ఇంటింటికీ తిరిగి దూదేకి పరుపులు కుట్టినవాళ్ళు. ఇతను బడిపంతులయ్యాడు. అమ్మకు డెబ్బై దాటింది. "చనిపోయేలోపు పట్నం చూపించు అబ్బాయా" అని ఎన్నాళ్ళుగానో అడుగుతోందట. బస్సుల్లో తిప్పలేక ఒక పూటకు కారూ, గైడూ మాట్లాడాడు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా. "మాకు ఉర్దూ రాదన్నా, మీరూ ఎక్కండి" అన్నాడు. ఎక్కాం.

గైడు పాతికేళ్ళ కుర్రాడు. షాలిబండ వాడు, డిగ్రీ చదివాడు. ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. మంచివాడు. అతని మీద మాకే ఫిర్యాదూ లేదు. కారు ఎక్కడ ఆగింది, ఎక్కడ ఆగలేదు అన్నదే మేం చెప్పదలచుకున్నది. ఏ ఊరి చరిత్రయినా ఒక పూటలో చూపించాలంటే కొన్ని చోట్ల ఆగాలి, కొన్ని దాటిపోవాలి. ఆ దాటిపోయిన చోట్లలోనే మేం ఉన్నాం.

మొదట దాటిపోయింది కోఠీ. ఉమెన్స్ కాలేజి గేటు పక్కనుంచి పోతూ గైడు "బ్రిటిష్ రెసిడెన్సీ, కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా, లవ్ స్టోరీ" అన్నాడు. ఆ భవనం కట్టించిన ఇంగ్లీషు దొర ప్రేమకథ అందరికీ తెలుసు. 1857 జులై 17న అదే రెసిడెన్సీ మీద ఏం జరిగిందో ఎందరికి తెలుసు? ఔరంగాబాద్ వైపు కంపెనీ పటాలాల్లో తిరగబడి నగరానికొచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. అతన్ని విడిపించమని జనం మక్కా మసీదులో చేరారు. తుర్రేబాజ్‌ఖాన్ అనే సిపాయి, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడవగా కొన్ని వందలమంది రెసిడెన్సీ మీద పడ్డారు. రాత్రంతా కాల్పులు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. మౌల్వీని అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. తుర్రేబాజ్‌ఖాన్ జైలు తప్పించుకొని 1859లో దొరికిపోయి హతుడయ్యాడు. అతని శవాన్ని నగరంలో జనం చూసేలా వేలాడదీశారు.

నిజాం, ఆయన దివాన్ కంపెనీ పక్షాన నిలిచారు. ఒక సిపాయీ, ఒక మౌల్వీ ఎదురు తిరిగారు. ఇద్దరు ఆ పక్క, ఇద్దరు ఈ పక్క. నలుగురూ ముస్లింలే. మరి మమ్మల్ని ఎవరి వారసులంటారు? ఆ పూట టూరు చివర్లో మేం చూడబోయే మ్యూజియానికి ఆ దివాన్ ఇంటి పేరే ఉంది. తుర్రేబాజ్‌ఖాన్‌కు కోఠీ బస్సుల రద్దీలో ఒక స్తూపం ఉంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు దానికి ఆనుకుంటారు.

రెండోసారి దాటిపోయింది మూసీ. "ఇదివరకు నీళ్ళు మంచిగుండె" అన్నాడు గైడు. 1908 సెప్టెంబర్ 28న ఆ మంచినీళ్ళే నగరాన్ని ముంచాయి. పదిహేను వేలమంది పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకొని నూటయాభై మంది దాకా బతికారు. చెట్టు ఇంకా ఉంది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఒంగోలు అమ్మ కారు అద్దంలోంచి చూసి, "చెట్టు కాడ ఆపితే బాగుండు" అంది. ఆపడానికి చోటు లేదు. రాజుల కట్టడాలకు పార్కింగ్ ఉంటుంది, చింతచెట్టుకు ఉండదు.

చార్మినార్ దగ్గర గైడు గొంతు సవరించుకున్నాడు. 1591, హిజ్రీ వెయ్యో సంవత్సరం ముంగిట, ఎత్తు 56 మీటర్లు, మెట్లు 149, పై అంతస్తులో మసీదు, మహమ్మద్ కులీ కుతుబ్‌షా, భాగమతి. భాగమతి కథను కొందరు చరిత్రకారులు ఒప్పుకున్నారు, హెచ్.కె. షేర్వానీ లాంటివాళ్ళు ఒప్పుకోలేదు. పండితులు పుస్తకాల్లో తేల్చుకోవలసిన ఆ మాటను ఇప్పుడు ఎన్నికల సభల్లో తేలుస్తున్నారు. పేరు మారిస్తే ఊరు తమదవుతుందని కొందరి ఆశ.

అమ్మ కింద అరుగు మీద కూర్చుంది. మేం పైకెక్కాం. పైనుంచి నాలుగు దిక్కులా నాలుగు వీధులు చూస్తూ మిత్రుడు అడిగాడు: "అన్నా, ఈ రాజులకు తెలుగు వచ్చా?"

వచ్చు. మా రెండు భాషల జీవితంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం యయాతి చరిత్ర. దాన్ని పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది ఆ కొలువులోని అమీన్‌ఖాన్‌కు. కుతుబ్‌షాహీ ఫర్మానాలు ఫార్సీతోపాటు తెలుగులోనూ వెలువడేవి. మహమ్మద్ కులీ రాసిన గజళ్ళూ నజ్మ్‌లూ దక్కనీలో ఉన్నాయి. ఇక్కడి వానలూ, పండగలూ, పళ్ళూ వాటినిండా ఉన్నాయి. ఇవన్నీ చెప్తుంటే మిత్రుడి ముఖం వెలిగింది. "మాకు బళ్ళో ఇది చెప్పలేదన్నా. తురకలు వచ్చారు, గెలిచారు, పోయారు అని చెప్పారు. నేనూ పిల్లలకు అదే చెప్తున్నా" అన్నాడు.

అతని ముఖం వెలిగిందని మేం సంతోషపడ్డాం. మరుక్షణం ఒక చిరాకు కూడా కలిగింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక రాజు మంచివాడని చూపిస్తే తప్ప ఈ మట్టి మీద మాకు చోటు లేదా? రాజు దగ్గరి నుంచి మంచి నడవడి పత్రం తెచ్చుకోవడం అలవాటైతే, రేపు ఇంకెవరో ఒక చెడ్డ రాజును చూపించి దాన్ని రద్దు చేస్తారు. మల్కిభరాముణ్ణి మేం ప్రేమిస్తాం. కానీ మా పౌరసత్వానికి జామీను ఆయన కాదు.

మక్కా మసీదు గేటు దగ్గర గైడు ఆగి మాతో ఉర్దూలో మెల్లగా, "సాబ్, వీళ్ళు లోపలికి రావచ్చు, కానీ నమాజు హాలు బయటి నుంచే చూడాలని చెప్పండి" అన్నాడు. నల్లపూసల గొలుసు, ఒంగోలు చీర, ఉర్దూ ముక్క రాని మాట. చూసి హిందువులనుకున్నాడు. మేం తర్జుమా చేయబోయేలోపే అమ్మకు అర్థమైపోయింది. అలాంటి చూపులు ఆమెకు కొత్త కాదు. "మేమూ సాయిబులమే నాయనా" అంది. కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. "మాఫ్ కరో అమ్మీజాన్" అన్నాడు.

తప్పు అతనిదొక్కడిదేనా? ఊళ్ళో వాళ్ళను తురకల్లో కలిపి చూస్తారు, తురకలు దూదేకులని వేరు పెడతారు. పెళ్ళి సంబంధాల దగ్గర మా షేకులూ సయ్యదులూ పఠాన్లూ ఎంత దూరం జరుగుతారో మాకు తెలుసు. ఉర్దూ రానివాడు సగం ముస్లిమని మా ఇళ్ళల్లోనే అంటారు. ఆ మాట మా చిన్నప్పుడు మేమూ అన్నాం. అల్లా దగ్గర అందరూ ఒక వరస అని చెప్పే మసీదు వాకిట్లో ఒక తల్లి తాను ముస్లిమునని చెప్పుకోవలసి వచ్చింది. అదీ తెలుగులో.

మసీదు కథ విచిత్రం. పదిహేడో శతాబ్దం తొలినాళ్ళలో కుతుబ్‌షాహీలు మొదలుపెట్టారు. 1687లో గోల్కొండను కూల్చిన ఔరంగజేబు దాన్ని పూర్తి చేయించాడు. ఓడించినవాడూ ఓడినవాడూ కూడా ముస్లింలే కాబట్టి ఇది మతయుద్ధాల లెక్కలో పడదు. అందుకే పెద్దగా ఎవరూ చెప్పరు. ఆవరణలో ఆసఫ్‌జాహీల సమాధుల వరుసను గైడు ఒక్కొక్కటే పేరు పెట్టి చూపించాడు. మెటల్ డిటెక్టర్ ఎందుకుందో మాత్రం చెప్పలేదు.

2007 మే 18, శుక్రవారం. జుమ్మా నమాజు వేళ ఇక్కడ బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. తర్వాత బయట పోలీసు కాల్పుల్లో అయిదుగురు. ఆ రోజుల్లో మేం పేపరు పని మీద ఆ వీధుల్లోనే తిరిగాం. చనిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాం. తర్వాత అనుమానం మీద పట్టుకుపోయిన కుర్రాళ్ళ ఇళ్ళకు వెళ్ళాం. రెండూ ఒకే గల్లీల్లో ఉన్నాయి. చచ్చింది మావాళ్ళే, జైలుకెళ్ళిందీ మావాళ్ళే. ఆ కుర్రాళ్ళు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు తిరిగి తిరిగి వేరే దారి పట్టింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణకొచ్చిన అయిదుగురినీ నిర్దోషులని వదిలేసింది. చనిపోయినవాళ్ళున్నారు, చంపినవాళ్ళు లేరు. మసీదు పావురాలకు గింజలు చల్లుతూ అమ్మ అడిగింది: "ఇక్కడేనా నాయనా ఆ బాంబేసింది? టీవీలో చూశాం." అవునన్నాం. గింజలు చల్లడం ఆపి కళ్ళు మూసుకొని ఏదో చదువుకుంది. ఆ పూట మొత్తంలో మా చరిత్రకు దక్కిన ఫాతెహా అదొక్కటే.

లాడ్ బజార్‌లో పావుగంట. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గైడు గర్వంగా చెప్పాడు. బొగ్గుల సెగ మీద లక్కను కరిగించి, వేడి ఆరకముందే వేళ్ళతో ఒక్కో రాయీ అద్దే ఆడవాళ్ళు బజార్లో కనిపించరు. వాళ్ళు వెనక గల్లీల్లో ఉంటారు. గుర్తింపు గాజుకొచ్చింది, వేళ్ళకు రావాల్సి ఉంది.

ఇక చౌమహల్లా. ఖిల్వత్ దర్బారు హాల్లో అడుగుపెట్టగానే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. పైన పంతొమ్మిది బెల్జియం షాండ్లియర్లు, కింద చలువరాతి తఖ్తు. గైడు ఇక్కడ ఉత్సాహంగా ఉన్నాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బొమ్మను 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనికుడంది. 184 కారట్లు దాటిన జాకబ్ వజ్రాన్ని ఆయన కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. ఆ నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొంది. "హమారే నిజాం" అన్నాడు కుర్రాడు ప్రతి వాక్యానికీ.

అమ్మ తాడు ఇవతల నిలబడి తఖ్తు మీది మసనదు వైపు చాలాసేపు చూసింది. షాండ్లియర్ల వైపు చూడలేదు. తర్వాత కొడుకుతో అంది: "అందులో దూది అణిగిపోయింది అబ్బాయా. ఏకి ఎన్నాళ్ళయిందో."

మేం నవ్వాం. గైడు అర్థం కాక మా వైపు చూశాడు. తర్జుమా చేసి చెప్పాం. అతనూ నవ్వాడు. కానీ ఆ మాట మాకు ఆ పూటంతా గుచ్చుకుంటూనే ఉంది. అందరం రాజు కూర్చున్న చోటు చూశాం. ఆమె ఆ చోటు కింద పనిచేసిన చేతిని చూసింది.

ముస్లిం అనగానే నవాబు. ఈ మాట వినకుండా మేం పెరగలేదు. బడిలో ఆలస్యమైతే "ఏం నవాబూ, ఇప్పుడు తెల్లారిందా?" అద్దె ఇల్లు ఇవ్వనివాడు కూడా "మీకేంటండీ, ఎనిమిది వందల ఏళ్ళు ఏలారు" అంటాడు. ఏలినవాళ్ళ ఇంటిపేరు మాకు తగిలించారు, ఆస్తి తగిలించలేదు. ఏలిక తప్పుల లెక్క మాత్రం మా ఖాతాలో రాశారు. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క చూడండి: దేశంలో ఐఏఎస్ అధికారుల్లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. నవాబుల వారసుల సంగతి ఇది. రిక్షాలు, పంక్చరు దుకాణాలు, కుట్టుమిషన్లు, తోపుడుబండ్లు మా జాగీర్లు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ నవాబీ టోపీ మాకు ఇతరులే పెట్టలేదు. మేమూ ఇష్టంగానే పెట్టుకున్నాం. కూలినాలి చేసుకునే ఇంట్లో కూడా "హమారే జమానే మే" అని మొదలుపెట్టే ముసలాయన ఒకడుంటాడు. ఆ జమానాలో ఆయన ఖాందాన్ ఎవరి దేవిడీ ముందో నిలబడిన ఖాందానే. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగూ మరాఠీ కన్నడమూ అయితే, రాజ్యం నడిచింది ఉర్దూలో. తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖులూ జాగీర్దార్లూ వెట్టి చేయించుకుంటుంటే పైన ఉన్న తఖ్తు ఇదే. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డప్పుడు కూడా దీని పేరే చెప్పారు. దాన్ని దాచి మా గాయాలు మాత్రమే చూపిస్తే మా మాట ఎవరూ నమ్మనక్కర్లేదు.

ఆ తఖ్తుకు ఎదురు చెప్పినవాళ్ళలోనూ మేం ఉన్నాం. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లను ఎదిరించి రాశాడు, హైదరాబాద్ భారతదేశంలో కలవాలన్నాడు. 1948 ఆగస్టులో రాత్రి పత్రికాఫీసు నుంచి ఇంటికొస్తుంటే నడివీధిలో చంపేశారు. మఖ్దూం మొహియుద్దీన్ మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే పని వదిలేసి కార్మికుల్లోకి, తర్వాత సాయుధ పోరాటంలోకి వెళ్ళాడు. ఉర్దూలో రాసే మాకు వీళ్ళిద్దరూ పెద్దలు. నిజాం కాదు.

రాజభవనంలో 1948 గురించి గైడు చెప్పింది ఒకే వాక్యం: "ఫార్టీ ఎయిట్ మే మర్జర్ హోగయా." సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. దానికి పోలీస్ యాక్షన్ అని పేరు. నిజాంకు ఏమైంది? 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. రాజభరణం అందింది. మరి బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల్లో సామాన్య ముస్లింలకు ఏమైంది? నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఊరూరా తిరిగి రాసింది: తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది ప్రాణాలు పోయాయని. పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల గురించీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలో పడి ఉంది. జనానికి చదవడానికి 2013లో గానీ దొరకలేదు.

మా దాదా బీదర్ జిల్లా పల్లె నుంచి ఆ ఏడే భార్యాబిడ్డలతో కట్టుబట్టలతో పట్నం చేరాడు. ఊళ్ళో ఆయనకు రెండెకరాల చెలక. మొఘల్‌పురాలో ఒక తడిక గదిలో దిగి బీడీలు చుట్టాడు. దాదీ చివరిదాకా ఏళ్ళను "పోలీస్ యాక్షన్‌కు ముందు", "పోలీస్ యాక్షన్ తర్వాత" అనే లెక్కపెట్టేది. అంతకుమించి ఏమడిగినా "నక్కో బేటా" అనేది. తఖ్తు మీద కూర్చున్నవాడికి భరణం వచ్చింది, దాని నీడ కూడా చూడని మా దాదా మూల్యం కట్టాడు. ఇదీ మా నవాబీ.

చివరికి సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనానికి మారింది. గంట కొట్టే బొమ్మ కోసం గడియారం ముందు జనం కూర్చున్నారు. గంట కొట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు. ముసుగు రెబెక్కాను చూసి అమ్మ, "రాతిలో పల్చటి గుడ్డ నేశాడే" అంది. టూరు అయిపోయింది.

బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మిత్రుడు గైడును అడిగాడు: "మీ తాతగారు ఏం చేసేవారు బాబూ?"

కుర్రాడు కాసేపు ఆగి చెప్పాడు. అతని దాదా కాతిబ్. ఒక ఉర్దూ దినపత్రికలో ముప్ఫై ఏళ్ళు వెదురు కలంతో పేజీలు పేజీలు చేత్తో రాశాడు. కంప్యూటర్లొచ్చాక పని పోయింది. తండ్రి ఆటో నడుపుతాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ కలాలున్నాయి. మేం ఆశ్చర్యపోయాం. మేం ఉర్దూ అక్షరం నేర్చుకున్నదే అలాంటివాళ్ళు రాసిన పేపర్లు చదివి. "ఇది టూరిస్టులకు ఎందుకు చెప్పవు?" అన్నాం.

"కౌన్ పూఛ్తే సాబ్? వో టూర్ మే నై హై."

నిజమే, అది టూరులో లేదు. తుర్రేబాజ్‌ఖాన్ స్తూపం లేదు, చింతచెట్టు లేదు, షోయబుల్లాఖాన్ పడిపోయిన వీధి లేదు, మఖ్దూం పాఠం చెప్పిన గది లేదు, బీదర్ నుంచి వచ్చినవాళ్ళు దిగిన తడికలు లేవు, కాతిబు కలం లేదు. చార్మినార్ కూల్చమని మేం అనడం లేదు. అది మాదీ, మీదీ. మిగతా సగం పూట కూడా కావాలంటున్నాం. దాన్ని ఎవరో వచ్చి చూపించరు. ఆ కుర్రాడు తన తాత గురించి చెప్పాలి, మేం మా దాదా గురించి రాయాలి, ఒంగోలు మిత్రుడు తన బళ్ళో పిల్లలకు పాఠం మార్చి చెప్పాలి. ముందు మా ఇళ్ళల్లో సగం ముస్లిం, ముప్పాతిక ముస్లిం అనే కొలతలు పారెయ్యాలి.

కారెక్కేటప్పుడు మేం అమ్మను అడిగాం: "ఆ పరుపు ఇక పనికిరాదా అమ్మా?"

"ఎందుకు పనికిరాదు నాయనా? దూది ఎక్కడికీ పోదు. తొక్కీ తొక్కీ కూర్చుంటే అణిగిపోతుంది, అంతే. విప్పి ఎండలో వేసి ఏకితే మళ్ళీ లేస్తుంది."